గట్టెక్కిన రాయి, నీటమునిగిన కొయ్య
(మాకవరపాలెంలో మా మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్మారకోపన్యాసం అంటే ఆయన గుణగణాలు చెబుతానని అనుకుని వచ్చిన వాళ్లుంటారు. ఆయన బతికి ఉంటే ఒప్పుకునేవారు కారు. తన గురించి ఎవరైనా రెండు మంచి మాటలు మొదలుపెడితే చాలు, పని చూడండయ్యా అని లేచి వెళ్లిపోయే మనిషి. అందుకని ఆయనకు ఇష్టమైన ప్రశ్న ఒకటి పట్టుకుని మాట్లాడతాను. సోషల్ పాఠం ఆయన హరప్పాతో మొదలుపెట్టేవారు కారు. మీ ఊరి అమ్మవారి పేరేమిట్రా అని మొదలుపెట్టేవారు. ఆ గుడికి స్థలం ఎవరిచ్చారు, పూజ ఎవరు చేస్తారు, తీర్థం ఏ నెలలో, ఘటం ఎవరి గుమ్మం నుంచి బయల్దేరుతుంది? తెలీదంటే మీ మామ్మనడిగి రా అని ఇంటికి పంపేవారు. శాసనం ఉన్న గుడి గురించి రాయడానికి చాలామంది ఉన్నారు, శాసనం లేని గుడి గురించి మీరే రాయాలి అన్నది ఆయన వాదం. ఆ వాదానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం ఇక్కడికి దూరంగా, కృష్ణా నదిలో, ఏడాదిలో ఎక్కువ నెలలు నీటి కింద ఉంటుంది.

నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలో సంగమేశ్వరం అని ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టే వరకు అది కర్నూలు జిల్లా. నల్లమల అంచున భవనాశి వచ్చి కృష్ణలో కలిసే చోటు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అని ఏడు పేర్లు చెప్పి సప్తనదీ సంగమం అంటారు. మ్యాపు ముందు పెట్టుకుంటే లెక్క వేరుగా కనిపిస్తుంది. తుంగ, భద్ర కర్ణాటకలోనే కలిసిపోతాయి. ఆ రెండూ ఒకటై వచ్చిన తుంగభద్ర అలంపురం దగ్గర కృష్ణలో కలుస్తుంది. భీమ, మలాపహారిణి అంతకంటే ఎగువనే కలిశాయి. సంగమేశ్వరం దగ్గర కొత్తగా వచ్చి చేరేది భవనాశి ఒక్కటే. అయినా ఆ ఊరివాళ్లు మిగతా నదులను పేరు పేరునా లెక్కపెట్టడం నాకు నచ్చింది. కలిసిపోయినంత మాత్రాన పేరు పోవాలా?

అక్కడి దేవుడు సంగమేశ్వరుడు. లింగం రాయి కాదు, కొయ్య. వేప మొద్దు అంటారు. స్థలపురాణం ఇలా ఉంది. పాండవులు అరణ్యవాసంలో ఉండగా ధర్మరాజు ఇక్కడ శివలింగ ప్రతిష్ఠ తలపెట్టి, లింగం తెమ్మని భీముణ్ణి కాశీ పంపాడు. ముహూర్తం దాటిపోతోంది, భీముడు రాలేదు. రుషులు చెప్పగా వేపచెట్టు మొద్దును లింగంగా మలిచి ప్రతిష్ఠించేశారు. తర్వాత భీముడు రాతి లింగంతో వచ్చి చూసి కోపంతో విసిరేశాడు. అన్నగారు బుజ్జగించి దానికీ వేరే చోట ప్రతిష్ఠ చేయించాడు. రామేశ్వరంలో ఆంజనేయుడు ఆలస్యమైతే సీతమ్మ ఇసుకతో లింగం చేసిన కథ మీకు తెలుసు. అచ్చు ఆ కథే, మనుషులు మారారంతే. రాయి కోసం ఎదురుచూడకుండా చేతిలో ఉన్న ఇసుకతోనో, ఎదురుగా ఉన్న చెట్టుతోనో పని కానిచ్చిన వాళ్లను మన పురాణాలు తప్పు పట్టలేదు.

ఇక శ్రీశైలం ప్రాజెక్టు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980ల మొదట్లో నీళ్లు నిలిచాయి. నిండు నీటిమట్టం 885 అడుగులు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు, సుమారు లక్ష మంది ఆ నీటికి చోటు ఇచ్చారు. సంగమేశ్వరం కూడా ఆ నీళ్లలోకే పోయింది.

మునిగే గుళ్ల విషయంలో ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని నేను అనను. పురావస్తు శాఖ వాళ్లు ఆ రోజుల్లో చేసిన పని చిన్నది కాదు. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో ఉన్న చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, తీసుకెళ్లి అలంపురంలో తిరిగి కట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే మార్చారు. జటప్రోలు మదనగోపాలుడు, సోమశిల సోమేశ్వరుడు ఎగువకు వచ్చారు. అంతకుముందు నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి, అనుపుకు చేర్చిన అనుభవం మనవాళ్లకుంది. విప్పి కట్టడంలో అతుకు కనపడని పనితనం చూడాలంటే అలంపురం వెళ్లి చూడండి. పిల్లలను తీసుకెళ్లండి, అది నేను చెప్పే మాటలకంటే మంచి పాఠం.

అయితే ఏవి కదిలాయి, ఏవి కదల్లేదు అని ఒక కాగితం మీద రెండు వరసల్లో రాసి చూడండి. కదిలినవన్నీ రాతివి. చెక్కడం ఉన్నవి, రాజవంశం పేరు తగిలించగలిగినవి. కదలనివి ఊరి చివర పోచమ్మ గద్దె, సుంకులమ్మ రాయి, పీర్ల చావిడి, మాలపల్లెలో తాటాకు కప్పిన ప్రార్థన మందిరం, చెట్టు కింద నాగుల పుట్ట. వీటికి అంకెలు వెయ్యడానికి రాళ్లు లేవు. ఊరు లేచిపోతే అవి లేవు, అంతే.

సంగమేశ్వరంలో ఇది మరీ విచిత్రంగా జరిగింది. కర్నూలు ఊరిబయట జగన్నాథగట్టు మీద ఒక గుడి ఉంది. అందులో నిలువెత్తు రాతి లింగం. సంగమేశ్వరం నుంచి తెచ్చిందని, భీముడు ప్రతిష్ఠించినది అదేనని కర్నూలువాళ్లు చెబుతారు. అంటే పురాణంలో ఆలస్యంగా వచ్చి కోపగించుకున్న రాయి ప్రాజెక్టు కాలానికి గట్టెక్కింది. ముహూర్తానికి అందివచ్చిన కొయ్య నీళ్లలో ఉండిపోయింది.

ఇరవై ఏళ్లకు పైగా దాన్ని ఎవరూ చూడలేదు. 2003లో జలాశయం బాగా అడుగంటి గుడి మొదటిసారి బయటపడింది. ప్రాకారం పడిపోయి, ముఖమంటపం శిథిలమై, గర్భాలయం మాత్రం నిలబడి ఉంది. లోపల కొయ్య లింగం ఉంది. దాని వెనక ఒక పక్క లలితాదేవి, ఇంకో పక్క వినాయకుడు. బురద ఎత్తిపోసి దీపం పెట్టారు. అప్పటి నుంచి నీళ్లు తగ్గిన ప్రతి ఏడూ పూజ జరుగుతోంది. నీటిమట్టం దాదాపు 840 అడుగుల దిగువకు వస్తే గుడి పూర్తిగా తేలుతుంది. వానాకాలంలో వరద వచ్చినప్పుడు గర్భగుడిలోకి నీళ్లు చేరుతుండగా ఆఖరి హారతి ఇచ్చి అర్చకులు బయటికి వస్తారు. మిగతా నెలలు ఎగువన గట్టు మీద ఉమామహేశ్వరుడికి మొక్కుకుంటారు.

ఒక ఎండాకాలం నేను వెళ్లాను. గట్టు దిగగానే అసలు నేల లేదు, ఒండ్రు. పైన ఎండి పలకలు పలకలుగా విచ్చింది, కాలు వేస్తే లోపల ఇంకా మెత్తగా దిగుతోంది. ప్రాకారపు రాళ్ల మీద నీళ్లు ఏ ఏడు ఎంతవరకు నిలిచాయో చెప్పే చారలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రాతి సందుల్లో గుల్లలు, తెగిన వల ముక్కలు, ఒక పిల్లవాడి రబ్బరు చెప్పు. పుట్టి బోర్లించి దాని నీడలో ఇద్దరు జాలర్లు అన్నం తింటున్నారు. గర్భగుడి గుమ్మం ఇరుకు. వంగి వెళ్లాలి. దీపం వెలుగులో లింగం నల్లగా ఉంది, ముందుగా చెప్పకపోతే రాయే అనుకుంటాం. మా పక్కన ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటుంది, దేవుడి వైపు తక్కువ, గుమ్మం బయటికి ఎక్కువ చూస్తోంది. నమస్కారం చేసుకుని బయటికి వచ్చి, ఒండ్రులో ఏమీ లేని చోటికి చెయ్యి చాపి, అదిగో అక్కడ మా పిన్నమ్మ వాళ్ల ఇల్లు అని మనవరాలికి చూపించింది. ఆ పిల్ల ఫోను తీసి ఆ ఒండ్రునే ఫొటో తీసుకుంది.

ఆ గుడికి వచ్చేవాళ్లలో సగం మంది వచ్చేది శివుడి కోసమే కాదని నాకప్పుడు తెలిసింది. తమ ఊరు ఎక్కడుండేదో చెప్పగలిగే ఆనవాలు అది ఒక్కటే మిగిలింది.

స్వామి ఎప్పుడు కనపడతాడన్నది ఇప్పుడు పంచాంగంలో ఉండదు. శ్రీశైలం నీటి లెక్కల్లో ఉంటుంది. పోతిరెడ్డిపాడు కాలువకు ఎంత వదిలారు, ముచ్చుమర్రి పంపులు ఎంత తోడాయి, ఎడమ గట్టున తెలంగాణ, కుడి గట్టున ఆంధ్రప్రదేశ్ కరెంటు కోసం ఎంత దించాయి? రెండు రాష్ట్రాలు కృష్ణా బోర్డు ముందు వాదించుకునే అంకెలే ఇవి. వాదన ఎవరు గెలిచినా దేవుడికి దర్శనం తేదీ మారుతుంది. మహాశివరాత్రికి గుడి తేలి ఉంటే ఆ ఏడు పండగ పండగే, లేకపోతే గట్టు మీద నుంచి నీటికేసి దణ్ణం. 2009 అక్టోబరులో వరద నిండుమట్టాన్ని కూడా దాటి 896 అడుగులకు పోయి కర్నూలు పట్టణాన్ని ముంచేసింది. కొయ్య లింగం దాన్నీ తట్టుకుంది.

కొయ్య నీళ్లలో ఇన్నేళ్లు ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతారు కాబట్టి చెబుతాను. ఇందులో మహిమ ఎంతో నేను తూచలేను, శాస్త్రం కొంత తూచింది. కొయ్యను తినేది బూజు, చెద. ఆ రెండింటికీ గాలి కావాలి. ఒండ్రు కింద, కదలని లోతు నీటిలో ప్రాణవాయువు అందదు, కాబట్టి కుళ్లడం చాలా నెమ్మది. స్వీడన్‌లో వాసా అనే యుద్ధనౌక 1628లో మొదటి ప్రయాణంలోనే రేవు దాటకుండా మునిగింది. 1961లో పైకి తీస్తే ఓడ ఓడలాగే ఉంది. అసలు కష్టం తీశాక మొదలైంది. ఆరితే చెక్క ముడుచుకుపోయి పగులుతుందని పదిహేడేళ్లు దానిమీద రసాయనం చల్లుతూనే ఉన్నారు. కొయ్యకు గండం నీళ్లతో కాదు, తడిసి ఆరి మళ్లీ తడవడంతో. ఇది మన రైతులకు చెప్పక్కర్లేదు. కంచె గుంజ పైన బాగుంటుంది, భూమి లోపల బాగుంటుంది, నేలమట్టం దగ్గర పుచ్చుతుంది. సంగమేశ్వరంలో లింగం ఏటా సరిగ్గా ఆ నేలమట్టం బతుకే బతుకుతోంది. వేప చేదు పురుగును దూరం పెడుతుంది నిజమే, కానీ దానికీ ఒక హద్దు ఉంటుంది. వేల ఏళ్ల నాటిదని భక్తులంటారు. వయసు తేల్చే పరీక్షకు గోరంత ముక్క చాలు. పూజలో ఉన్న లింగం నుంచి గోరంత ముక్క ఎవరు గిల్లనిస్తారు? నేనైతే అడగను. ఆ లెక్క తేలకపోయినా నా మాటకు వచ్చిన లోటు లేదు.

ఎందుకంటే కొయ్య దేవుణ్ణి వయసుతో కొలవడం మన ఉత్తరాంధ్ర పద్ధతి కాదు. ఇక్కడి నుంచి రైలెక్కి పూరీ వెళ్లివచ్చే వాళ్లకు జగన్నాథుడు వేపకొయ్య అని తెలుసు. 1996లో, తర్వాత 2015లో నవకళేబరం చేశారు. వెతికి తెచ్చిన వేపమానుతో కొత్త మూర్తులను మలిచి, పాత మూర్తులను ఖననం చేశారు. దేవుడు పాతవాడే, కొయ్య కొత్తది. విజయనగరం పైడితల్లికి ఏటా సిరిమాను కావాలి. ఏటా ఒక చింతచెట్టును వెతికి, అడిగి, పూజ చేసి తెస్తారు. నిరుటి మాను ఈ ఏడు పనికిరాదు. మన పక్కనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర పట్టి లక్క బొమ్మలు చేసేవాళ్లను అడగండి, కర్రకు ఆయుష్షు ఉంటుందని వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలీదు. కర్ర పోతుంది, మళ్లీ చెయ్యాలి. మళ్లీ చెయ్యడానికి మనిషి ఉండాలి.

రాతిగుడిని కాపాడ్డానికి ఇంజనీరు, లారీ, సిమెంటు చాలు. ఊరు లేకపోయినా అలంపురంలో కూడవెల్లి గుడి అందంగానే ఉంటుంది. కొయ్యగుడికి, గడ్డిగుడికి, చెట్టు కింద అమ్మవారికి అలా కుదరదు. ఏటా కప్పు మార్చేవాడు, మాను తెచ్చేవాడు, ఘటం ఎత్తేవాడు ఉండాలి. వాళ్లు ఒకచోట ఉండాలి. ఊరిని చెదరగొట్టి గుడిని కాపాడాం అనడం రాతిగుడి విషయంలో సగం నిజం, వీటి విషయంలో పచ్చి అబద్ధం.

ఇది మన గొడవ మాత్రమే కాదు. రష్యా ఉత్తరాన, ఒనేగా సరస్సులో కీజీ అనే ద్వీపం ఉంది. అక్కడ 1714లో కట్టిన పెద్ద చర్చి మొత్తం దుంగలతోనే, 22 గుమ్మటాలు. 1990లో యునెస్కో జాబితాకెక్కింది. నన్ను లాగింది ఆ పెద్ద చర్చి కాదు, దానికి కొంత దూరంలో ఉన్న చిన్న దుంగల మందిరం. మిఖాయిల్ దేవదూత పేరున లేలికోజెరో అనే పల్లెవాళ్లు కట్టుకున్నది. 1961లో దాన్ని విప్పి ఈ ద్వీపానికి తెచ్చి పెట్టారు. పూజారి రోజూ రాని పల్లెల్లో అలాంటి చిన్న మందిరాలు కట్టుకుని, ఊరి పండగనాడు అందరూ చేరేవారట. మన అమ్మవారి గుడి లాంటిదే అనుకోండి. ఆ దేశంలో 1960, 70లలో ప్రభుత్వం పల్లెలను రెండు రకాలుగా విడగొట్టింది. రెండో రకానికి భవిష్యత్తు లేని పల్లెలు అని పేరు. ఆ పేరు పడ్డాక బడి మూసేస్తారు, కొట్టు మూసేస్తారు, రోడ్డు వెయ్యరు. జనం వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారని తర్వాత రాసుకుంటారు. మన దగ్గర ముంపు గ్రామం అని పేరు పెట్టాక జరిగేదీ ఇదే. నీళ్లు రావడానికి పదేళ్ల ముందు నుంచే ఆ ఊరికి కొత్త గది మంజూరు కాదు, కల్వర్టు మంజూరు కాదు, పెళ్లికి పిల్లనిచ్చేవాడుండడు. నీళ్లు చివర వస్తాయి.

వోల్గా మీద రిబిన్‌స్క్ జలాశయం కింద మొలోగా అనే పట్టణం 1941 నుంచి మునిగి ఉంది. అక్కడివాళ్ల సంతతి ఏటా ఆగస్టులో ఒకచోట కలుసుకుంటారు. నీళ్లు తగ్గిన ఏళ్లలో పునాదులు బయటపడితే పడవల మీద వెళ్లి చూసుకుంటారు. సంగమేశ్వరం ఒండ్రులో పిన్నమ్మ ఇల్లు చూపించిన ఆ పెద్దావిడకు రష్యన్ రాదు కానీ మొలోగావాళ్లకు ఆవిడ మాట అర్థమవుతుంది.

శ్రీశైలం నిర్వాసితుల సంగతి చెప్పకుండా గుళ్ల సంగతి చెబితే మాస్టారు ఊరుకోరు. 1981 వేసవిలో చాలా ఊళ్లలో మనుషులు లోపలుండగానే ఇళ్లు కూల్చారు. పరిహారం ఆనాటి పాత చట్టం లెక్కన చిల్లర. ప్రాజెక్టుల్లో భూమి పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం అంటూ 1986లో జీవో 98 వచ్చింది. ఆ జీవో నంబరు నందికొట్కూరు, ఆత్మకూరు, కొల్లాపూరు పక్కల చిన్నపిల్లవాడిక్కూడా నోటికి వచ్చు. దానికోసం కలెక్టరాఫీసుల ముందు కూర్చుని కూర్చుని ఉద్యోగ వయసు దాటిపోయిన వాళ్లున్నారు. దేవుళ్లలో కొందరికైనా కొత్త చిరునామా దొరికింది.

2013 భూసేకరణ చట్టం వచ్చాక పరిస్థితి కాగితం మీద మారింది. ఆ చట్టం మూడో షెడ్యూలులో పునరావాస కాలనీకి ఏమేం ఉండాలో జాబితా ఉంది. రోడ్లు, మంచినీళ్లు, బడి, శ్మశానం. అందులోనే ప్రతి యాభై కుటుంబాలకు ప్రార్థనా స్థలం, కూర్చుని మాట్లాడుకునే చెట్టు అరుగు ఉండాలని రాశారు. ఆ వాక్యం రాసిన వాళ్లకు పల్లె తెలుసు. చట్టంలో చెట్టు అరుగు అన్న మాట చూసి నాకు ముచ్చటేసింది. కానీ చెట్టు ఎక్కడి నుంచి వస్తుంది? కాలనీకి పునాది తీసిన రోజు నాటినా పదిహేనేళ్లు.

పోలవరం దగ్గర ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఈ ప్రశ్న ఎంత బరువో తెలుస్తుంది. అక్కడ నిండు నీటిమట్టం 45.72 మీటర్లు. కాఫర్ డ్యాము కట్టాక 2021 నుంచి వానాకాలంలో గోదావరి వెనక్కి తన్ని దేవీపట్నం మండలంలో ఊళ్లను ముంచుతోంది. గండి పోచమ్మ గుడి వరదొచ్చినప్పుడల్లా మునుగుతోంది. ఆ గుడి పేరున్నది, పాపికొండల పడవలెక్కే ప్రతివాడూ దణ్ణం పెట్టుకునేది, కాబట్టి పత్రికల్లో ఫొటో వస్తుంది. కొండరెడ్ల, కోయల పల్లెల్లో ముత్యాలమ్మకు నాలుగు కర్రల మీద గడ్డి కప్పిన పందిరే గుడి. కోయల వేల్పులకు అదీ ఉండదు. గుడ్డ మీద బొమ్మలు కుట్టిన పడిగె ఉంటుంది, దాన్ని ఇంట్లో భద్రం చేసి, పండగకు బయటికి తీసి, వేల్పు కథ చెప్పేవాడు పక్కన ఉండగా ఊరేగిస్తారు. మేడారంలో సమ్మక్కకు విగ్రహం లేదు, కుంకుమ భరిణె, వెదురు, గద్దె. వీటిని తరలించాలంటే ఇంజనీరు ఏం తరలిస్తాడు? పడిగెను సంచిలో పెట్టి కాలనీకి తీసుకెళ్లొచ్చు. కథ చెప్పేవాణ్ణి ఒక కాలనీలో, డోలు కొట్టేవాణ్ణి ఇంకో కాలనీలో పడేస్తే ఆ పడిగె గుడ్డముక్క.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముంపు సర్వేలో ఇళ్లను, చెట్లను, బావులను లెక్కపెట్టినట్టే ఊరి దేవతలను కూడా పూజ చేసే కుటుంబాలతో సహా లెక్కపెట్టాలి. ఒక తీర్థాన్ని కలిసి చేసేవాళ్లను ఒకే కాలనీలో ఉంచాలి. ఇది డబ్బుతో కూడిన పని కాదు, జాబితా పక్కన ఇంకో గడి గీసే పని. విలువైన గుడి అంటే చెక్కడం ఉన్న గుడి అనే కొలబద్ద పురావస్తు శాఖకు సరిపోవచ్చు, పునరావాసానికి సరిపోదు.

ఇక మన మండలానికి వస్తాను. ఇక్కడ మనకు జలాశయం ముంపు లేదు కదా అని ధీమా వద్దు. రాచపల్లి పక్క అల్యూమినా కర్మాగారం వచ్చింది. భీమబోయినపాలెంలో వైద్య కళాశాల పని మొదలైంది. రోడ్లు వెడల్పు అవుతున్నాయి. ఇవి రాకూడదని నేను అనను, పిల్లలకు చదువూ ఉద్యోగమూ కావాలి. కానీ నేల చేతులు మారినప్పుడల్లా గట్టు మీద వేపచెట్టు, దాని కింద పసుపు పూసిన రాయి మొదట పోయేవి. బలిఘట్టం బ్రహ్మలింగేశ్వరుడికి భయం లేదు, వరాహ ఉత్తరవాహినిగా పారినన్నాళ్లూ శివరాత్రికి జనం వస్తూనే ఉంటారు. నూకాలమ్మలు, మరిడమ్మలు, పరదేశమ్మలు, బంగారమ్మలు, పొలిమేరలో పేరు కూడా సగం మరిచిపోయిన అమ్మవార్లు, వీళ్లకు ఎవరున్నారు? ఇంకో కొత్త ప్రమాదం కూడా ఉంది. డబ్బు చేరిన ఊళ్లలో పాత పెంకుటి గుడిని పడగొట్టి, మాను స్తంభాలు వంటచెరకు కింద వేసి, టైల్స్ గోడలతో స్లాబు గుడి కడుతున్నారు. భక్తికి నేను అడ్డు రాను. పడగొట్టే ముందు ఒక ఫొటో, కొలతలు, ఆ స్తంభం ఏ చెట్టుదో, ఎవరు చెక్కారో ఒక మాట రాసి పెట్టుకోమంటున్నాను. నీళ్లు ముంచినా, కొత్త గుడి ముంచినా పాతది పోయినట్టే.

వెనక నిలబడ్డ పిల్లలూ, మాస్టారు మాకిచ్చిన పని మీకిచ్చి కూర్చుంటాను. ఈ దసరా సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క గుడి పట్టుకోండి. పెద్ద గుడి వద్దు. అమ్మవారి పేరు, ఏ పొలం గట్టున ఉంది, గుడి దేనితో కట్టారు, పూజ ఏ ఇంటివాళ్లు చేస్తారు, తీర్థం ఏ నెలలో, ఘటం ఏ దారిన వెళ్తుంది, ఏ పాట పాడతారు, ఇవి రాయండి. మీ మామ్మ చెప్పింది మీ మామ్మ మాటల్లోనే రాయండి, సరిదిద్దకండి. మీ నోటుపుస్తకాలు స్కూలు లైబ్రరీలో ఒక అల్మారాలో ఉంచడానికి హెడ్మాస్టరు గారు ఈ వేదిక మీదే ఒప్పుకున్నారు. అల్మారా ఖర్చు మా పాత విద్యార్థులది. సెలవులయ్యాక వచ్చి చూస్తాను.